రేవు దగ్గర రాసిన పంచనామా ఎక్కడికి పోతుంది?

సంపాదకుల గారికి నమస్కారం.

వేసవి వచ్చిందంటే జిల్లా పేజీలో ఒక వార్త తప్పదు. స్నానానికి దిగిన కుర్రాడు గోదావరిలో మునిగి చనిపోయాడనీ, పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారనీ నాలుగు లైన్లు వేస్తారు. ఆ దర్యాప్తులో ఏం తేలిందో చెప్పే వార్త మాత్రం నా కంటబడలేదు. వీఆర్వోగా చేసి రిటైరైన వాణ్ణి కాబట్టి ఏం తేలుతుందో నాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

కిందటేడు సిడ్నీలో మా అబ్బాయి దగ్గర కొన్నాళ్లున్నాను. వాళ్లుండే వెస్ట్‌మీడ్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామందే. ఒక ఆదివారం హాక్స్‌బరీ నది ఒడ్డున ఉన్న విండ్సర్ అనే ఊరు చూపించడానికి తీసుకెళ్లాడు. ధారుగ్ ఆదివాసులు ఆ నదిని ద్యారబ్బిన్ అనేవారు. ఒడ్డున దుంపలు తవ్వుకుని బతికేవారు. 1794లో ఇంగ్లండ్ పాలకులు ఆ ఒండ్రు నేలలను ఇరవై రెండు మందికి పంచి, మొక్కజొన్న, గోధుమ వేయించడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లలో శిక్ష పడి ఓడెక్కిన ఖైదీలు ఎక్కువ. పండిన గింజ సిడ్నీ చేరాలంటే పడవే దిక్కు. వరదల సంగతి చెప్పక్కర్లేదు. 1867లో విండ్సర్ దగ్గర నీళ్లు 19.7 మీటర్ల దాకా లేచాయట. అలాంటి చోట మునిగి చావడం వింతేమీ కాదు.

నన్ను ఆపేసింది వేరే విషయం. 1803లో మొదలైన సిడ్నీ గెజెట్ అనే వారపత్రికను ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వాళ్లు ట్రోవ్ అనే సైట్‌లో ఎవరైనా ఉచితంగా చదివేలా పెట్టారు. నిద్రపట్టని రాత్రులు అదే పని నాకు. అందులో మునిగి చనిపోయినవాళ్ల మీద జరిగిన విచారణల సంగతులు వస్తాయి. ఆ వలస ప్రాంతంలో అప్పటికి నేర విచారణకు జ్యూరీ, అంటే మామూలు జనంలోంచి పిలిచి తీర్పు చెప్పించే బృందం, లేదు. ఆరుగురు సైనికాధికారులను పక్కన కూర్చోబెట్టుకుని జడ్జి అడ్వొకేట్ అనే న్యాయాధికారి తీర్పు చెప్పేవాడు. అసహజ మరణమైతే మాత్రం ఇరుగుపొరుగువాళ్లనే పిలిచి కూర్చోబెట్టేవారు. వాళ్లు శవాన్ని కళ్లారా చూడాలి, చూసినవాళ్లను అడగాలి, ఆ తర్వాతే ఎలా పోయాడో చెప్పాలి. చెప్పిందేదో పేపర్లో పడేది. అప్పట్లో గ్రీన్ హిల్స్ అని పిలిచే ఆ విండ్సర్‌కు హెడ్ కానిస్టేబుల్ లాంటి వాడు ఆండ్రూ థాంప్సన్. అతనూ ఒకప్పటి ఖైదీయే! వరదల్లో పడవ వేసుకుని జనాన్ని ఒడ్డుకు చేర్చిన మనిషి. 1810లో చనిపోయాడు, సమాధి విండ్సర్ చర్చి ఆవరణలోనే ఉంది.

అదేదో ధర్మరాజ్యమని నేననడం లేదు. అదే నది ఒడ్డున 1799లో ఇద్దరు ఆదివాసీ కుర్రాళ్లను చంపిన కేసులో ఐదుగురు తెల్లవాళ్లు దోషులని తేలినా, చివరికి క్షమాభిక్ష పెట్టి వదిలేశారు. ఎవరి చావుకు విలువ కడతారో ఎవరి చావుకు కట్టరో అక్కడా తేడా ఉంది.

ఇక మన రేవుకు వస్తాను. ఊరి పేరు రాయడం లేదు, ఆ కుటుంబం ఇంకా అక్కడే ఉంది. ఇంటర్ చదివే కుర్రాడు. చెప్పులు, మడతపెట్టిన చొక్కా, దాని మీద సెల్‌ఫోన్ ఒడ్డునే ఉన్నాయి. మేం వెళ్లేసరికి ఆ ఫోన్ మోగుతోంది, తీయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. పంచనామా కాగితాలు స్కూటర్ సీటు మీద పెట్టి రాశారు. ‘ప్రమాదవశాత్తు కాలుజారి నీటిలో పడి ఊపిరాడక మరణించినట్లు పంచాయతీదారుల ఏకగ్రీవ అభిప్రాయం.’ చదివి వినిపించారు, సంతకం పెట్టాను. నా సర్వీసులో అలాంటివి ఎన్నో పెట్టాను. ఆ వాక్యం ఎప్పుడూ మారదు, పేరూ తేదీ మారతాయి అంతే.

ఆ కుర్రాడు కాలుజారలేదు సార్. మోకాలి లోతు నీళ్లలో నడుస్తూ నడుస్తూ ఇసుక తవ్వేసిన గుంతలో పడ్డాడు. ఇసుక ర్యాంపు పక్కనే. అది అందరికీ తెలుసు. కాగితంలో లేదు.

తప్పు రాసినవాళ్లదే అంటే అన్యాయం. చట్టమే అంతవరకు అడుగుతుంది. ఇదివరకు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 174వ సెక్షన్, ఇప్పుడు 2024 జూలై నుంచి నాగరిక్ సురక్షా సంహితలో 194. శవం మీద గాయాలేమిటి, ఏ ఆయుధంతో తగిలినట్టున్నాయి అని రాయమంటుంది. ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటుకు పంపమంటుంది. ఆయుధం నదిలో గుంత అయితే ఎక్కడ రాయాలి? పాత ఇంగ్లండ్ చట్టంలో ఒక విచిత్రమైన పద్ధతి ఉండేది, 1846లో తీసేశారు. మనిషి చావుకు కారణమైన బండికో పడవకో జ్యూరీయే వెల కట్టేది, ఆ సొమ్ము ప్రభుత్వానికి పోయేది. మూఢాచారం లాగే ఉంటుంది. కానీ చంపిందేమిటని వాళ్లు అడిగారు. మేం అడగలేదు.

పెద్ద ప్రమాదమైతే మనమూ అడుగుతాం. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగితే, అక్టోబర్ 22న ధర్మాడి సత్యం బృందం దాన్ని బయటికి లాగేదాకా రాష్ట్రమంతా టీవీల ముందే ఉంది. ఒక్కడు పోతే స్కూటర్ సీటు.

నేనడిగేది పెద్దదేం కాదు. నీటి మరణం పంచనామాలో ఒడ్డు నుంచి ఎన్ని అడుగుల దూరంలో, ఎంత లోతులో, ఆ గుంత సహజమా తవ్వినదా, హెచ్చరిక బోర్డు ఉందా అనే నాలుగు గళ్లు చేర్చాలి. కలెక్టర్ కార్యాలయం ఏడాదికొకసారి వాటిని రేవుల వారీగా బయటపెట్టాలి. హాక్స్‌బరీ ఉన్న న్యూ సౌత్ వేల్స్‌లో ఇవాళ కరోనర్ (అసహజ మరణాలను విచారించే అధికారి) చేసిన సిఫార్సులకు ఆరు నెలల్లో మంత్రులు జవాబివ్వాలన్న నియమం ఉంది. మనకు జవాబు తర్వాత, ముందు ప్రశ్న కాగితం మీదికి ఎక్కితే చాలు. మీ విలేకరులు కూడా ఆ నాలుగు లైన్లకు తోడు లోతెంతో అడిగి రాస్తే బాగుంటుంది.

ఆ రోజు శవాన్ని తీశాక పడవవాడు తన గడ ఆ చోటే దించి చూపించాడు. గడ మొత్తం మునిగి అతని చెయ్యి తడిసింది. రెండు నిలువుల పైనే. మోకాలి లోతు నీళ్లకు నాలుగడుగుల దూరం. పంచనామాలో రాయించాల్సిన మాట, ఇన్నేళ్లకు ఇక్కడ రాస్తున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వీఆర్వో,
తూర్పు గోదావరి జిల్లా