రసీదులో జత పత్రాలు ఏవి?

సంపాదకులకు,

ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాక చేతికి వచ్చే పీడీఎఫ్‌ను ఒకసారి నిదానంగా చూడండి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కట్టిన రుసుము అన్నీ ఉంటాయి. కుల ధ్రువపత్రం అన్న వరుసకు ఎదురుగా మాత్రం ‘అప్‌లోడ్ అయింది’ అనో, ఒక టిక్కు గుర్తో, మరీ దయతలిస్తే ఫైలు పేరో కనిపిస్తుంది. ఆ ఫైలులో ఏముందో, అటువైపు సరిగా చేరిందో లేదో ఆ రసీదు చెప్పదు. బియ్యం తూచకుండా సంచులు లెక్కపెట్టుకుని చీటీ రాసిచ్చినట్లుంది ఈ వ్యవహారం.

నేను నెట్ సెంటర్ నడుపుతాను. ఉద్యోగ ప్రకటన గడువు ముగిసే వారం మా దగ్గర కుర్చీ దొరకదు. అయితే దరఖాస్తు నింపేటప్పుడు వచ్చే చిక్కులు పెద్దవి కావు. అసలు గొడవ నెలలు గడిచాక, ధ్రువపత్రాల పరిశీలనకు పిలిచినప్పుడు మొదలవుతుంది. మా దగ్గర దరఖాస్తు పెట్టిన ఒక అమ్మాయి రాత పరీక్ష గట్టెక్కింది. తీరా పరిశీలన రోజున, ఆదాయ ధ్రువపత్రం ఉండాల్సిన చోట ఖాళీ పేజీ ఉందన్నారు. సరైన ఫైలే పెట్టానని ఆమె, మాకు అందలేదని వాళ్లు. ఆమె చేతిలోని పీడీఎఫ్‌లో ఉన్నది ఫైలు పేరు ఒక్కటే. దాన్ని పట్టుకుని ఎవరితో వాదిస్తుంది?

కాగితాల రోజుల్లో దరఖాస్తు అడుగున ‘జతపరచినవి’ అని వరుసగా రాసేవాళ్లం. రెండో ప్రతి మీద గుమాస్తా ముద్ర వేసి, ఇన్‌వర్డ్ నంబరు రాసి ఇచ్చేవాడు. జత పత్రాల్లో ఏదైనా తక్కువైతే అక్కడికక్కడే చెప్పేవాడు, కొన్నిసార్లు కసురుకుంటూనే. ఆన్‌లైన్ వచ్చి క్యూలు తగ్గించింది, సంతోషమే. ఆ ముద్రకు బదులుగా మాత్రం ఏమీ ఇవ్వలేదు.

అప్‌లోడ్ చేసిన పత్రాలన్నింటినీ రసీదు పీడీఎఫ్‌లోనే చేర్చి ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. పీడీఎఫ్ 1993లో పుట్టింది, 2008లో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఫొటోలను మామూలుగా దాచే జేపీఈజీ రకం బొమ్మను విప్పి మళ్లీ కుదించే పని లేకుండా ఉన్నదున్నట్టుగా అందులో పెట్టవచ్చు. కాబట్టి రసీదు బరువు ఆ బొమ్మల బరువును పెద్దగా మించదు. బ్యాంకు ఉద్యోగాల దరఖాస్తుల్లో ఫొటోకు 20 నుంచి 50 కేబీ, సంతకానికి 10 నుంచి 20 కేబీ అని ముందే గిరిగీసి పెడుతున్నారు. ఇంత చిన్న బొమ్మలు చేర్చడానికి సర్వర్ మోయలేదనడం నమ్మశక్యంగా లేదు.

చేర్చేవాళ్లు కూడా సరిగా చేర్చడం లేదన్నది ఇంకో బాధ. ఫోనును నిలువుగా పట్టుకుని తీసిన ఫొటో పీడీఎఫ్‌లో అడ్డంగా పడుకుని వస్తుంది. చాలా ఫోన్లు బొమ్మను అడ్డంగానే దాచి, ‘చూపేటప్పుడు తిప్పి చూపు’ అని పక్కన ఒక గుర్తు రాసి పెడతాయి. పీడీఎఫ్ ఆ గుర్తును పట్టించుకోదు, ముందుగానే తిప్పి పెట్టాల్సింది ప్రోగ్రాము రాసినవాళ్లు. నేపథ్యం తీసేసిన సంతకాన్ని, పారదర్శక భాగాలను అలాగే ఉంచే పీఎన్‌జీ రకంలో పెడితే, దాన్ని జేపీఈజీగా మార్చే క్రమంలో పారదర్శకంగా ఉన్న భాగమంతా నల్లబడి, నల్ల ఇంకు సంతకం కాస్తా నల్ల డబ్బాగా మారుతుంది. ఐఫోన్లు 2017 నుంచి హెచ్‌ఈఐసీ రకంలో ఫొటోలు దాస్తున్నాయి. పీడీఎఫ్ లోపల ఆ రకం నేరుగా చెల్లదు, మార్చి పెట్టాలి. మార్చలేకపోతే ఆ మాట అప్పుడే చెప్పాలి. గుట్టుగా ఖాళీ గడి వదిలి ‘విజయవంతం’ అని పచ్చ అక్షరాల్లో చూపించడం ఏం న్యాయం?

పీడీఎఫ్‌గానే ఇచ్చే ధ్రువపత్రాల కథ ఇంకా చిక్కు. ఆన్‌లైన్‌లో దించుకునే ఆధార్ పీడీఎఫ్, అంటే ఈ-ఆధార్‌కు తాళం (పాస్‌వర్డ్) ఉంటుంది. పేరులో మొదటి 4 అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపి కొడితేనే తెరుచుకుంటుంది. తాళం తీయని ఫైలును ఇంకో పీడీఎఫ్‌లో కలపడం సర్వర్ వల్ల కాదు. అప్‌లోడ్ చేసిన క్షణంలోనే ‘ఈ ఫైలుకు తాళం ఉంది’ అని ఒక్క వాక్యం చూపితే నూటికి తొంభై గొడవలు అక్కడే ఆగిపోతాయి. ఇక ఈ-ఆధార్‌లోనూ, ప్రభుత్వ ఆన్‌లైన్ పత్రాల పెట్టె డిజిలాకర్ నుంచి తీసుకునే చాలా పత్రాల్లోనూ డిజిటల్ సంతకం, అంటే జారీ చేసింది ఎవరో, ఆ తర్వాత ఫైలు మారలేదని చూపే కంప్యూటర్ ముద్ర ఉంటుంది. పేజీలు విడదీసి రసీదులో కలిపితే ఆ సంతకం చెల్లకుండా పోతుంది, మిగిలేది ఉత్త బొమ్మే. డిజిలాకర్ ద్వారా జారీ అయిన పత్రాలు అసలు పత్రాలతో సమానమని కేంద్రం 2017లోనే నిబంధన తెచ్చాక, ఆ విలువను మన చేతులతో మనమే తుడిచేసుకోవడం విడ్డూరం.

దీనికీ దారి ఉంది. పేజీలుగా కలపడం ఒకటి, అసలు ఫైలును కదపకుండా పీడీఎఫ్ కడుపులో జతగా ఉంచడం ఇంకొకటి. రికార్డులను దీర్ఘకాలం భద్రపరిచేందుకు 2012లో వచ్చిన పీడీఎఫ్/ఏ-3 ప్రమాణం ఏ రకం ఫైలునైనా ఇలా జత చేయనిస్తుంది. జర్మనీలో 2014 నుంచి ఎలక్ట్రానిక్ బిల్లులకు ఈ పద్ధతినే వాడుతున్నారు. మనిషి చదివే బిల్లు పైన కనిపిస్తుంది, కంప్యూటర్ చదివే ఫైలు దానిలోనే దాగి ఉంటుంది. కాకపోతే ఫోన్లలోని చాలా పీడీఎఫ్ యాప్‌లు ఈ జత ఫైళ్లను చూపించవు. అందుకే రెండూ కావాలి: కంటికి కనిపించేలా పేజీలు, సాక్ష్యంగా నిలిచేలా అసలు ఫైళ్లు. కొందరు ఈ శ్రమంతా ఎందుకని రసీదులో లింకు ఇచ్చి ఊరుకుంటున్నారు. నియామకం ముగిసి సైటు మూతపడితే ఆ లింకు ఎక్కడికీ పోదు.

ఆధార్ వంటివి రసీదులో ఉంటే ప్రమాదం కదా అని అడగవచ్చు, నిజమే. అందుకు చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను తీసుకుంటే సరి. అంతకూ ఫైళ్లు చేర్చలేమంటే, ప్రతి ఫైలుకూ మనిషికి వేలిముద్ర లాంటి ఒక గుర్తునైనా రసీదులో అచ్చు వేయాలి. ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్క పద్ధతిలో ఏ ఫైలుకైనా 64 అక్షరాల గుర్తు వస్తుంది. ఫైలులో చుక్క మారినా ఆ గుర్తు మారిపోతుంది. అభ్యర్థి తన దగ్గరున్న ఫైలును, శాఖ తన దగ్గరున్న ఫైలును లెక్కగట్టి పోల్చుకుంటే ఎవరి మాట నిజమో నిమిషంలో తేలుతుంది. దీనికయ్యే ఖర్చు దాదాపు శూన్యం.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. ఇదే పీడీఎఫ్‌లలో తెలుగు ఇప్పటికీ చిందరవందరగానే వస్తోంది. వత్తులు అక్షరం కింద చేరకుండా పక్కన నిలబడతాయి, ‘శ్రీ’ ముక్కలవుతుంది. భారతీయ లిపుల అక్షరాలను కూర్చడం తెలిసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఎన్నేళ్లుగానో ఉంది. దాన్ని ఎంచుకోకపోవడం అశ్రద్ధే.

నా విన్నపం ఇంతే. రుసుము కట్టించుకునే ముందే, జత పత్రాలతో సహా పూర్తి పీడీఎఫ్‌ను దరఖాస్తుదారుకు చూపించాలి. పత్రం మసకగా ఉన్నా, తలకిందులుగా ఉన్నా మార్చుకునే వీలివ్వాలి. సమర్పించాక అదే పీడీఎఫ్‌ను శాఖ డిజిటల్ సంతకంతో, తేదీ, సమయంతో ఇవ్వాలి. ఈ షరతులను సైట్ల టెండరు పత్రాల్లోనే రాయాలి. సైటును అప్పగించుకునే రోజున సంబంధిత అధికారి స్వయంగా ఫోనులో తీసిన ఒక ఫొటో, పీఎన్‌జీ సంతకం, తాళం తీయని ఈ-ఆధార్, డిజిలాకర్ పత్రం అప్‌లోడ్ చేసి, వచ్చిన పీడీఎఫ్‌ను అచ్చు తీసి చూసుకున్నాకే బిల్లు మంజూరు చేయాలి.

– ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు, తణుకు