సూదులక్కకు, సేవాగ్రామ్ వెళ్లి వచ్చాక

సూదులక్కా,

నీ ఉత్తరం సంక్రాంతి ముందే వచ్చింది. ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు కోప్పడకు. ఇక్కడ అందరం క్షేమం. ఆయన మోకాలి నొప్పి తగ్గింది, చిన్నవాడికి ఉద్యోగం దొరికింది, మిగతావన్నీ ఫోనులో చెబుతాను. ఇది మాత్రం ఫోనులో చెప్పే మాట కాదు.

మా అక్క మనవరాలికి సేవాగ్రామ్ మెడికల్ కాలేజీలో సీటు వచ్చింది. వార్ధా పక్కనే ఆ ఊరు. దాన్ని దింపడానికి నేనూ వెళ్లాను. అక్కడ చేరిన పిల్లలు చదువు మొదలుపెట్టే ముందు రెండు వారాలు గాంధీగారి ఆశ్రమంలో ఉండాలి. తెల్లవారుజామునే ప్రార్థన, శ్రమదానం, ఒంటిమీద ఖద్దరు. ఆ తరువాత ఒక్కో బ్యాచ్ ఒక్కో పల్లెను దత్తత తీసుకుంటుంది, ఒక్కో విద్యార్థికి కొన్ని కుటుంబాలు అప్పగిస్తారు. ఆరోగ్య కార్యకర్తలుగా మనం చేసినట్టే ఇంటింటికీ వెళ్లి తలుపు తట్టడం డాక్టర్ల చదువులో భాగమట! మన డాక్టరుగారు వింటే ఏమనేవారో, ఆ బెల్లం డబ్బా రోజు గుర్తుందా? సరే, అది తరువాత. ఇవన్నీ ఎవరు పెట్టారని అడిగితే డాక్టర్ సుశీలా నాయర్ అన్నారు. ఇంటికి వచ్చిన దగ్గర నుంచి ఆవిడ గురించి దొరికిందల్లా చదువుతున్నాను.

గాంధీగారి పక్కన ఫోటోల్లో కనిపించే అమ్మాయిగానే మనకు ఆవిడ తెలుసు. అసలు కథ అక్కడితో ఆగలేదు. పుట్టింది 1914లో, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న కుంజాలో. గాంధీగారి కార్యదర్శి ప్యారేలాల్ ఆవిడ అన్నగారే. ఢిల్లీ లేడీ హార్డింజ్ కాలేజీలో వైద్యం చదివి సేవాగ్రామ్ వచ్చేసరికి ఆ ప్రాంతంలో కలరా. దాదాపు ఒంటిచేత్తో దాన్ని ఎదుర్కొంది. ఆ వయసులో మనమైతే పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) వరండాలో నిలబడి ఎవరు పిలుస్తారా అని చూసేవాళ్లం.

1942లో అరెస్టు చేసి పుణె ఆగాఖాన్ ప్యాలెస్‌లో, గాంధీగారు ఖైదులో ఉన్నచోటే పెట్టారు. వెళ్లిన కొద్ది రోజులకే, ఆగస్టు 15న, గాంధీగారి మరో కార్యదర్శి మహదేవ్ దేశాయ్ ఆవిడ కళ్ల ముందే పోయారు. మరుసటి ఏడు గాంధీగారి 21 రోజుల ఉపవాసం. 1944 ఫిబ్రవరి 22న కస్తూర్బా పోయారు. చివరి గంటల్లో కొడుకు దేవదాస్ పెనిసిలిన్ తెప్పించారు. కొన్ని గంటలకొకసారి సూది వేయాలని తెలిసి, ఆ ప్రాణాన్ని ఇంకా హింసించవద్దని గాంధీగారే ఆపారు. అది చదివి పుస్తకం మూసేశాను. చేతిలో మందు ఉండి వేయలేకపోవడం ఎలా ఉంటుందో నీకూ నాకూ తెలుసు. ఆ వానాకాలం, ఏటి అవతలి ఇల్లు... వద్దులే.

తరువాత రెండు నెలలకే గాంధీగారికి ఏమి వచ్చిందనుకున్నావు? మలేరియా! మే 6న విడుదల చేయడానికి ఆ జబ్బు కూడా కారణం. ఆ ఏడాదే సేవాగ్రామ్‌లో సుశీలమ్మ చిన్న డిస్పెన్సరీ తెరిచింది. ఇప్పటి కస్తూర్బా ఆసుపత్రి దాని నుంచి పెరిగిందే.

1948 జనవరి 30న ఆవిడ ఢిల్లీలో లేదు. పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్‌లో హిందువులు, సిక్కుల పరిస్థితి చూసి రమ్మని గాంధీగారే పంపారు. ఇన్నేళ్లు నాడి చూసిన మనిషి ఆ సాయంత్రం పక్కన లేదు. ఆ తరువాత ఆయన జ్ఞాపకాలు చెప్పుకుంటూ బతికినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆవిడ మాత్రం అమెరికా వెళ్లి జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్యం చదివింది, అదీ డాక్టరేట్ దాకా! ఒక్క మనిషిని కాచుకున్న డాక్టరు ఊళ్లకు ఊళ్లను కాచే విద్య నేర్చుకోవడానికి మళ్లీ తరగతి గదిలో కూర్చుంది. నీకు రాయాలని తపించింది ఈ ముక్క కోసమే.

తిరిగి వచ్చాక ఫరీదాబాద్‌లో క్షయ ఆసుపత్రి, ఢిల్లీ రాష్ట్రానికి ఆరోగ్య మంత్రి పదవి, అక్కడి శాసనసభకు స్పీకరు, ఝాన్సీ నుంచి లోక్‌సభ. 1962 నుంచి 1967 వరకు దేశానికే ఆరోగ్య మంత్రి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఏటా 7.5 కోట్ల మందికి వచ్చే మలేరియా 1965కల్లా లక్షకు దిగిందంటే, ఆ ఘనత అంతా ఆవిడది కాదు, దోమల మందు స్ప్రే చేసే పని 1953లోనే మొదలైంది. కానీ 1963లో ప్రభుత్వం వేసిన చడ్ఢా కమిటీ పదివేల జనాభాకు ఒక ఆరోగ్య కార్యకర్త ఉండాలని, నెలనెలా ఇంటింటికీ వెళ్లాలని చెప్పింది ఆవిడ మంత్రిగా ఉన్నప్పుడే. గోడమీద తేదీ వేసి సంతకం చేసి, జ్వరమున్నవాళ్ల వేలు గుచ్చి మలేరియా పరీక్షకు రక్తపు స్లైడు తీసుకుని నడిచిన మన తోవంతా అటునుంచే వచ్చిందక్కా!

ఒక్క విషయంలో నాకు కోపం కూడా ఉంది. 1965లో గర్భం రాకుండా లోపల వేసే లూప్‌ను దేశమంతటా తెచ్చిందీ ఆవిడ మంత్రిగా ఉన్న ఆ రోజుల్లోనే. సంఖ్యల వెంటపడి, వేసిన తరువాత చూసే దిక్కు లేకుండా చేశారు. రక్తస్రావంతో బాధపడ్డ ఆడవాళ్ల భయం మనం ఉద్యోగంలో చేరేనాటికి కూడా ఊళ్లలో పోలేదు. డాక్టరు అయి ఉండి, ఆడమనిషి అయి ఉండి... ఎంత ఆలోచించినా నాకు సర్దుకోవడం లేదు. నువ్వేమంటావో రాయి.

పదవి పోయాక 1969లో, గాంధీగారి శతజయంతి ఏడాదిలో, సేవాగ్రామ్‌లో ఆ కాలేజీ పెట్టింది. 2001లో పోయేదాకా దాన్నే అంటిపెట్టుకుని ఉంది. మా పిల్ల ఖద్దరు చూసి ముందు ముఖం ముడుచుకుంది కానీ, నిన్న ఫోను చేసి తనకు అప్పగించే కుటుంబాలతో ఏమి మాట్లాడాలని అడిగింది. మొదట మంచినీళ్లు అడిగి తాగమని చెప్పాను. అది ఎవరు నేర్పారో నీకు తెలుసు.

ఆసుపత్రి గురించి రాయవలసింది ఇంకా చాలా ఉంది. పోస్టు పెట్టె తీసే వేళయింది, పిల్లవాడు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మిగతాది

నీ స్లైడులమ్మ