విషయం: జిర్కోనియా బిల్లు వేసి మెటల్ బ్రిడ్జి పెట్టడంపై ఫిర్యాదు

విజయనగరం

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

అయ్యా,

మీ డెంటల్ క్లినిక్ విజయనగరం బ్రాంచిలో మా అమ్మకు కింది కుడి దవడలో బ్రిడ్జి కట్టారు. ఊడిపోయింది 46వ నంబరు దౌడపన్ను. దానికి అటూ ఇటూ ఉన్న 45, 47లను అరగదీసి, క్యాపులు తొడిగి, వాటి ఆసరాతో మధ్యలో కట్టుడుపన్ను నిలబెట్టారు. బిల్లులో ‘జిర్కోనియా (పింగాణీ లాంటి తెల్లటి గట్టి పదార్థం), 3 యూనిట్లు’ అని రాసి ఉంది. సొమ్మంతా ముందే కట్టించుకున్నారు.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వెళ్ళిన కొద్దిరోజులకే 47 మీద క్యాపు పెచ్చు లేచిపోయింది. లోపల నల్లగా లోహం కనిపిస్తోంది. చూపిస్తే మీ డాక్టరు గారు "జంతికలు తిన్నారా అమ్మా?" అని అడిగారు. తిన్నదే అనుకుందాం. జంతికలు తింటే పెచ్చు ఊడొచ్చు గానీ, జిర్కోనియా ఇనుములా మారదు కదా! జిర్కోనియా మీద వేసిన పింగాణీ పొర ఊడినా అడుగున తెల్లగానే ఉంటుంది. నల్లగా ఉందంటే అది మెటల్ సిరామిక్, అంటే లోహం మీద పింగాణీ పొర వేసినది. అది పనికిరానిదని నేననను, దశాబ్దాలుగా ఎందరికో కడుతున్నారు. కానీ దాని ధర వేరు. ఆ ధరే చెప్పి ఉంటే మేమూ అదే కట్టించుకునేవాళ్ళం.

వారంటీ కార్డు అడిగితే "ల్యాబ్ నుంచి రావాలి" అంటున్నారు. జిర్కోనియాకి కంపెనీ కార్డు క్యాపులతో పాటే రావాలని మీ రిసెప్షన్ గోడ మీది పోస్టరే చెబుతోంది.

అసలు బాధ డబ్బు గురించి కాదు. 45, 47 రెండూ పుచ్చు లేని పళ్ళు. అరిగిన ఎనామిల్ మళ్ళీ పుట్టదు. ఇప్పుడు ఈ బ్రిడ్జి కోసి తీస్తే ఆ పళ్ళకే ఇంకో దెబ్బ. ఇంప్లాంటు (దవడ ఎముకలో బిగించే పన్ను) గానీ, తీసిపెట్టుకునే పళ్ళు గానీ వేయించుకోవచ్చని పళ్ళు అరగదీయక ముందు ఒక్కరూ చెప్పలేదు. అమ్మ ఇప్పుడు ఎడమవైపే నములుతోంది.

ల్యాబ్ స్లిప్పు, ఎక్స్‌రేలు, కేస్ షీటు నకళ్ళు మాకు ఇవ్వండి. వేరే సీనియర్ డాక్టరు చేత పరీక్ష చేయించి, ఖర్చు లేకుండా అసలైన జిర్కోనియా బ్రిడ్జి కట్టండి, కార్డుతో సహా. ఆ పళ్ళు మరో బ్రిడ్జిని మోయలేవని తేలితే మొత్తం సొమ్ము వాపసు ఇవ్వండి.

పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మేం ఉన్న జిల్లాలోనే వేయవచ్చు, మీ హెడ్డాఫీసు ఎక్కడున్నా సరే.

బిల్లు, పెచ్చు ఊడిన క్యాపు ఫోటోలు జతపరిచాను. ఊడిన పెచ్చు మా దగ్గరే ఉంది, ఇవ్వం. కావాలంటే వచ్చి చూసుకోవచ్చు.

ఇట్లు,
పేషెంటు కుమార్తె