ఫోన్ చేయమంటున్నారు సరే, ఎక్కణ్ణుంచి?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న పండక్కి సీలేరు అవతలికి వెళ్లొచ్చాను, నేను పెరిగింది అక్కడే ఒక ప్రాజెక్టు కాలనీలో. బస్సు ఆగే చోట గోడ మీద టెలీ మానస్ పోస్టర్ అంటించారు, మనసు బాలేకపోతే 14416 కి చేయండి, ఫ్రీ, 24 గంటలూ ఉంటాం అని. 2022 అక్టోబర్‌లో మొదలైంది ఇది, తెలుగులోనే మాట్లాడతారు, మంచి పనే, కాదనను. కానీ ఆ పోస్టర్ ముందే నిలబడి ఫోన్ తీస్తే సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. కావాలంటే ఘాట్ రోడ్డు మలుపు దాకా పోవాలి, సాయంత్రమైతే సగం ఊరు అక్కడే, ఒకాయన అప్పు గురించి అరుస్తుంటాడు, పక్కనే ఒకావిడ అల్లుడితో వీడియో కాల్. పదిహేనేళ్ల పిల్లో పిల్లాడో అక్కడ నిలబడి నాకు బతకబుద్ధి కావట్లేదని ఎలా చెప్తారండీ?

ఇది నాకు తెలుసు కాబట్టే రాస్తున్నా. 2008లో నేను టెన్త్‌లో లెక్కలు పోయి ఇంట్లో కూర్చున్నా, తోటివాళ్లంతా నర్సీపట్నం, వైజాగ్ హాస్టళ్లకి వెళ్లిపోయారు. నాన్నది పవర్‌హౌస్‌లో షిఫ్ట్ డ్యూటీ, నైట్ వారం వచ్చిందంటే పగలంతా ఆయన పడుకుంటారు, మేం గుసగుసల్లోనే మాట్లాడుకోవాలి, అమ్మ తాలింపు వేసి టక్కున మూత పెట్టేసేది చప్పుడు రాకుండా. పైగా నాకు నత్తి. కాలనీలో చిన్నపిల్లలకి కూడా నా అసలు పేరు తెలీదు. ఆ జూన్ 29నే బలిమెల రిజర్వాయర్లో పోలీసుల లాంచీ మీద దాడి జరిగి 38 మంది పోయారు, ఇక రోడ్డంతా చెకింగులు, తర్వాత జూలై 28 నుంచి మావోయిస్టుల అమరవీరుల వారం, బస్సు బంద్. బస్సు లేకపోతే పేపరూ లేదు, నాలుగు రోజులవి ఒకేసారి వచ్చేవి, సినిమా పేజీ దగ్గర్నుంచి టెండర్ ప్రకటనల దాకా అన్నీ చదివేవాణ్ణి.

ఒకరోజు ఇక ఉండలేక ఎస్టీడీ బూత్‌కి వెళ్లి వైజాగ్ హాస్టల్లో ఉన్న అక్కకి చేశా. బూత్ అద్దం తలుపు సరిగా పడేది కాదు. అక్క హలో అంది, నాకు మొదటి మాటే గొంతులో ఇరుక్కుపోయింది, ఎదురుగా మీటర్‌లో ఎర్ర అంకెలు మారిపోతున్నాయి, వెనక లైన్లో ముగ్గురు, బూత్ ఆయన జాలిపడి నా మాట తనే పూర్తి చేయబోయాడు. చివరికి "బాగానే ఉన్నా" అని పెట్టేశా. ఆ ఐదు అక్షరాలకే ఎంత డబ్బు అయిందో!

ఆ తర్వాత రెండేళ్లు ఎలా గడిపానో రాయను, గడిచిపోయాయి అంతే. ఎవరో ఒకర్ని పిలిచి తిట్టడానికి కూడా లేదు, అందరూ మంచివాళ్లే, కాకపోతే అందరూ తెలిసినవాళ్లే, అదే అసలు ఇబ్బంది.

2014 నుంచి 10-19 ఏళ్ల వాళ్ల కోసం రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం అని ఒక స్కీమ్ ఉంది, అందులో కౌన్సెలింగ్ కూడా ఉంది. నేనడిగేది కొత్త స్కీమ్ కాదు. ఏజెన్సీలో సంత రోజు అందరూ కిందికి దిగుతారు, ఆ రోజు ఒక కౌన్సెలర్‌ని, ఆ ఊరివాళ్లు కాకుండా బయటివాళ్లని, పీహెచ్‌సీలో కూర్చోబెట్టండి. సంతకి వచ్చామని చెప్పి పిల్లలు వచ్చిపోతారు, ఎవరికీ అనుమానం రాదు. మిగతా రోజుల్లో అక్కడే ఒక గదిలో 14416 కలిసే ల్యాండ్‌లైన్ ఫోన్ ఒకటి పెట్టండి చాలు. గదికి తలుపు మాత్రం సరిగా పడాలి, గడియ లోపలి వైపు ఉండాలి.

ఇట్లు
ఒక పాఠకుడు, గాజువాక