మీటియోర్ పటం కొన్నవారికి: వెనక చీటీ తప్పు, మార్చి ఇస్తాను

అందరికీ నమస్కారం.

గత దసరా నుంచి మన షాపులో మీటియోర్ అనే బ్రిటన్ జెట్ యుద్ధవిమానం పటం కొన్నవాళ్లు దయచేసి దాన్ని ఒకసారి గోడ మీంచి దించి చూడండి. వెనక అతికించిన చీటీలో "గ్లోస్టర్ మీటియోర్, 1944" అని ఉంటుంది. అది తప్పు. ఆ ఫోటోలో ఉన్నది రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానం కాదు.

పోయిన వారం, వాయుసేనలో టెక్నీషియన్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. పటం చేతిలోకి తీసుకుని, తోక దగ్గర వేలు పెట్టి, "బాబూ, ఇది నలభై నాలుగులోది కాదు" అన్నారు. 1944 జులైలో బ్రిటన్ వాయుసేన దళం 616 స్క్వాడ్రన్‌కి వచ్చిన మీటియోర్లకు తోక మీద నిలువు రెక్క గుండ్రంగా ఉంటుంది. మన ఫోటోలో దాని అంచులు కత్తిరించినట్టు తిన్నగా ఉన్నాయి. అది ఎఫ్.8 రకం. మొదటిసారి ఎగిరిందే 1948లో. కొరియా యుద్ధంలో ఆస్ట్రేలియా వాళ్లు నడిపింది ఆ రకమే.

స్కాన్‌తో పాటు వచ్చిన వివరాన్ని సరిచూడకుండా నేనే చీటీ మీద ఎక్కించాను. ఆ రాత్రి షాపు మూశాక బిల్లు పుస్తకం తీసి చూస్తే 17 పటాలు వెళ్లాయి. మీరు నన్ను నమ్మి డబ్బులిచ్చి కొన్నారు. ఆ టెన్షన్‌తో సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఆ 17 పటాలకూ లోపలి ప్రింటు ఉచితంగా మారుస్తాను. అద్దం, బీడింగ్ అవే ఉంటాయి. కొత్త ప్రింటు 1945 మొదట్లో బెల్జియంలోని మెల్స్‌బ్రూక్ స్థావరంలో ఉన్న మీటియోర్‌ది. ఈసారి తోక చూసి, ఆ పెద్దాయనకు కూడా చూపించి ఖాయం చేసుకున్నాను. విమానం ఒళ్లంతా తెల్లగా కనిపిస్తుంది, అది ప్రింటు లోపం కాదు. కింద ఉన్న సొంత సైనికులు జర్మన్ జెట్ అనుకుని కాల్చకుండా ఉండాలని వాటికి నిజంగానే తెల్ల రంగు వేశారు. కూలితే ఇంజిన్ శత్రువు చేతికి చిక్కుతుందని మొదట్లో వాటిని జర్మన్ల వైపు దాటనివ్వలేదు కూడా. ప్రింటు మార్పు వద్దనుకుంటే డబ్బులు వాపసు ఇస్తాను, మొహమాటపడకండి.

ఈ దెబ్బతో మిగతా చీటీలన్నీ కూర్చుని మళ్లీ చదివాను. అందరూ ఎక్కువగా అడిగే జర్మన్ జెట్ మెసర్‌ష్మిట్ 262 చీటీలో తేదీ సరిగ్గానే ఉంది: జెట్ ఇంజిన్లతో మాత్రమే తొలిసారి ఎగిరింది 1942 జులై 18న, లైప్‌హైమ్‌లో, పైలట్ ఫ్రిట్జ్ వెండెల్. అప్పటికి దానికి ముందు చక్రం లేదు, తోక కింద చక్రం ఉండేది. తోక నేలకి వాలి ఉండటంతో ఎలివేటర్లకు, అంటే విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలకలకు, గాలి అందేది కాదు. పరుగు మధ్యలో బ్రేకు తట్టి తోక లేపి, అప్పుడు ఎగిరేవారట. పెద్దాయన ఇది చెబుతుంటే పనివాళ్లం అందరం పని ఆపి విన్నాం. నికెల్, క్రోమియం కొరత వల్ల ఆ ఇంజిన్లు పాతిక గంటలు నడిస్తే గొప్ప అని కూడా చెప్పారు.

కానీ ఆ చీటీలో ముఖ్యమైన మాట ఒకటి లేదు. ఆ విమానం బాడీలను ఆస్ట్రియాలోని గూజెన్ నిర్బంధ శిబిరం ఖైదీల చేత సొరంగాల్లో చేయించారు. అక్కడ వేలమంది చనిపోయారు. పిల్లల గదిలో పెట్టుకుంటామని ఈ పటం కొంటున్నవాళ్లు ఉన్నారు, వాళ్లకు ఈ సంగతి తెలియకుండా అమ్మడం నాకు ఇష్టం లేదు. కొత్త చీటీలో రాశాను. తోక మీది నాజీ గుర్తు చెరిపి ఇవ్వమని కొందరు అడుగుతున్నారు. చెరపను, క్షమించండి. ఉన్న ఫోటోను ఉన్నట్టే ఇస్తాను. రంగులు వేయమన్నా అంతే.

సైజు సంగతి. అమెరికా తొలి జెట్ బెల్ పి-59కి, నేల మీద ఉన్నప్పుడు ఎవరూ గుర్తుపట్టకుండా ముక్కుకి ఉత్తుత్తి చెక్క ప్రొపెల్లర్ తగిలించేవారు. ఆ ఫోటోను పెద్దగా చేయమని చాలామంది అడుగుతున్నారు. నా దగ్గరున్న స్కాన్ 12×18 అంగుళాలు దాటితే చుక్కలు చుక్కలుగా పగిలిపోతోంది, అందుకే పెద్దది చేయడం లేదు.

బీడింగ్ ధర పెరిగింది కాబట్టి 12×18 పటం ఇకమీద 1,450 కాదు, 1,600. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు పాత ధరే. వానాకాలంలో చెమ్మ గోడకి తగిలించకండి, ప్రింటు అద్దానికి అంటుకుపోతుంది.

బ్రిటన్ వాళ్లదే ఇంకో జెట్ వాంపైర్ పటం కావాలని అడిగినవాళ్లు ఇంకొన్ని రోజులు ఆగాలి. 1943 సెప్టెంబర్‌లోనే తొలిసారి ఎగిరినా యుద్ధంలోకి దిగలేదు. మన వాయుసేనకు మాత్రం 1948లో వచ్చిన తొలి జెట్ అదే. పెద్దాయన చూసి సరే అన్నాకే ఆ పటం షాపులో పెడతాను.

మీటియోర్ మార్పు సోమవారం నుంచి. ఉదయం 11 తర్వాత ఎప్పుడైనా తీసుకురండి. వెనక చీటీని మీరు పీకకండి, బోర్డు చిరుగుతుంది. నేనే తీస్తాను.