వార్షిక నివేదిక 2024-25: టీడీఎస్ కోతలు, మనం పడ్డ పాట్లు

మన పెన్షనర్ల సంఘం సభ్యులైన పెద్దలందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నిబంధనల్లో ఉంది కాబట్టి రాస్తున్నాను, లేకపోతే ఈపాటికి ఎవరిదో ఒకరి ఫారం 16 (ఏడాదిలో కోసిన పన్ను లెక్క చూపే కాగితం) ముందేసుకుని కూర్చునేవాణ్ణి. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పేదేం లేదు. డీఆర్ (కరువు భృతి) బకాయిల మీద, మెడికల్ బిల్లుల మీద ఎప్పటిలాగే వినతిపత్రాలు ఇచ్చాం, పుచ్చుకున్నవాళ్లు ఎప్పటిలాగే నవ్వుతూ పుచ్చుకున్నారు. ఈ ఏడాది మన టైమంతా తినేసింది మాత్రం పెన్షన్ల మీద తప్పుగా పడిన టీడీఎస్, అంటే పెన్షను చేతికి రాకముందే కోసేసే పన్ను.

మొదట్లో మే నెలలో ఒకాయన పాస్‌బుక్ పట్టుకుని మా ఇంటికొచ్చారు. నెలకు 60 వేల పెన్షను, వేరే ఆదాయం లేదు. ఏడాదికి 7,20,000. కొత్త పన్ను విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 6,45,000 మిగులుతుంది, 2024-25కి ఏడు లక్షల లోపు వాళ్లకి రిబేటు (పన్ను మాఫీ) ఉంది కాబట్టి కట్టాల్సింది సున్నా. అయినా నెలకు 3,800 పైచిలుకు పోతోంది. నేను లెక్కల మాస్టారినే అయినా రెండు రోజులు తల పట్టుకున్నాను. చివరికి తేలిందేమిటంటే, ఆయన అంతకుముందు ఎప్పుడో పాత విధానం కావాలని రాసిచ్చారు, కంప్యూటరు దాన్నే పట్టుకుని కూర్చుంది, పొదుపు కాగితాలు ఈసారి ఇవ్వలేదు కాబట్టి పాత విధానంలో తీసేసే 50,000 పోగా మిగిలిన 6,70,000 మీద పాత రేట్లతో లెక్కేసి కోసేస్తోంది. ఏప్రిల్లో ఏ విధానం కావాలో చెప్పమని మెసేజ్ పంపామన్నారు బ్యాంకు వాళ్లు. ఆ మెసేజ్ వచ్చిన ఫోను నంబరు ఆయన కొడుకుది, కొడుకేమో అమెరికాలో.

ఈ ఓటీపీల బాధ గురించి వేరే నివేదికే రాయొచ్చు. మనలో సగం మంది ఆధార్‌కి పిల్లల నంబర్లున్నాయి. మనం పగలు పోర్టల్ తెరిస్తే అక్కడ అర్ధరాత్రి. అందరూ ముందు ఆ నంబరు మార్పించుకోండి.

రెండో రకం తప్పు పాన్, ఆధార్ లింకుది. లింకు కాని పాన్‌లు 2023 జులై 1 నుంచి పనిచేయడం లేదు. అలాంటి పాన్ ఉంటే, పన్ను పడేవాళ్లకి అసలు రేటు ఎంత తక్కువైనా 20 శాతం కోస్తారు. మన వాళ్లలో లింకు చేయనివాళ్లు బద్ధకంతో చేయలేదనుకోకండి, చేయబోతే కుదరలేదు. పాన్‌లో ఇంటిపేరు చివర, ఆధార్‌లో మొదట. ఒకదాంట్లో పొడి అక్షరాలు, ఇంకోదాంట్లో పూర్తి పేరు. సర్వీసు రిజిస్టరులో ఉన్న పుట్టినతేదీ ఒకటి, ఆధార్‌లో జనవరి 1. మన ఇంటిపేర్లని అటూ ఇటూ తిప్పి రాసిన ప్రతిచోటా ఒక తప్పు పుట్టింది. ఒకటి సరిచేసుకున్నాక వెయ్యి రూపాయల అపరాధ రుసుం కట్టాలి, కట్టాక కూడా పాన్ మళ్లీ పనిచేయడానికి నెల రోజుల దాకా పడుతుంది. ఈలోగా ఇంకో పెన్షను కోత పడి వస్తుంది.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగ్గ పని డిసెంబరు 17 శిబిరం. పెన్షను మన హక్కన్న సుప్రీంకోర్టు నకారా తీర్పు వచ్చిన రోజు, మన పెన్షనర్ల దినోత్సవం, ఏటా శాలువాలు, ఉపన్యాసాలు, పులిహోర. ఈసారి పగలంతా టీడీఎస్ చూద్దాం, శాలువాలు సాయంత్రం పెట్టుకుందాం అని కమిటీలో అన్నప్పుడు కొందరు ముఖం మాడ్చుకున్నారు. కానీ డిసెంబరే ఎందుకన్నది ముఖ్యం. తప్పు మార్చి లోపు పట్టుకుంటే మిగిలిన నెలల కోత తగ్గించి సర్దేయడానికి పెన్షను ఇచ్చేవాళ్లకి చట్టంలోనే వీలుంది. మార్చి దాటితే వాళ్లు చేతులెత్తేస్తారు, రిటర్ను వేసి రిఫండు కోసం ఎదురుచూడటమే. మనవాళ్లేమో జూన్‌లో ఫారం 16 చేతికొచ్చాకే మేలుకుంటారు.

ఉదయం తొమ్మిదికే వరండా నిండిపోయింది. పీపీవో (పెన్షను మంజూరు ఉత్తర్వు) జిరాక్సు, పాన్, ఆధార్, పాస్‌బుక్ తెమ్మన్నాం, కొందరు పెళ్లి శుభలేఖ తప్ప ఇంట్లో ఉన్న కాగితాలన్నీ తెచ్చారు. ఒక్కొక్కరికీ 26ఏఎస్ (వాళ్ల పాన్ మీద ఎంత పన్ను జమైందో చూపే ఆదాయపన్ను శాఖ పత్రం) తీసి, పాస్‌బుక్కులో పోయిన డబ్బు అందులో చేరిందా లేదా అని టిక్కు పెట్టాం. 60 వేల పెన్షను పెద్దాయనకి కొత్త విధానం అడుగుతూ ఉత్తరం రాసిచ్చాం, జనవరి నుంచి కోత ఆగింది.

ఆ రోజు దొరికిన పెద్ద తప్పు ఒక చెల్లెమ్మది. భర్త రైల్వే పెన్షనరు, పోయాక ఆమెకి ఫ్యామిలీ పెన్షను మొదలైంది. ఫ్యామిలీ పెన్షను పన్ను లెక్కలో జీతం కిందికి రాదు, ఇతర ఆదాయం కిందికి వస్తుంది, జీతానికి కోసినట్టు దానికి టీడీఎస్ కోయకూడదు. ఈమెకి నెలనెలా కోస్తున్నారు. సరే, ఎంత పోయిందో చూద్దామని ఆమె 26ఏఎస్ తీస్తే ఖాళీ! డబ్బు ఎటు పోయినట్టు? మన కోశాధికారి గారికి అనుమానం వచ్చి ఆమె భర్త పాన్‌తో చూస్తే అక్కడుంది మొత్తం. చనిపోయిన మనిషి పాన్‌లో నెలనెలా పన్ను జమ అవుతోంది. ఆ మాట విన్నాక ఆమె కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఆయన బతికున్నప్పుడూ లెక్కలు నాకు చెప్పేవారు కాదండీ" అన్నారు. అందరం నవ్వాం, ఆమె కూడా.

బ్రాంచికి మూడుసార్లు వెళ్లాం. "మా చేతిలో ఏం లేదు, సీపీపీసీ వాళ్లనే అడగండి" అన్నారు. పెన్షన్లన్నీ లెక్కేసే ఆ కేంద్రానికి ఉత్తరం రాస్తే "మీ బ్రాంచిలో సంప్రదించండి" అని జవాబు. మూడోసారికి మేనేజరు గారు బదిలీ, కొత్తాయనకి మళ్లీ మొదటి నుంచి. చివరికి కేంద్రం వారి పెన్షను ఫిర్యాదుల పోర్టల్ సీపెన్‌గ్రామ్స్‌లో ఫిర్యాదు పెట్టాక కదిలారు. కోత ఆపి, తప్పు పాన్‌తో వేసిన త్రైమాసిక స్టేట్‌మెంట్లని సవరించారు. ఇప్పుడు ఆ మొత్తం ఆమె 26ఏఎస్‌లో కనిపిస్తోంది. రిటర్ను వేశాం, రిఫండు ఇంకా రాలేదు.

తక్కువ కోయడం కూడా తప్పే అని ఒక టీచరమ్మ గారి విషయంలో తెలిసింది. సొంత పెన్షను ఒకచోట, భర్తది ఫ్యామిలీ పెన్షను ఇంకోచోట. ఫ్యామిలీ పెన్షనుకి ఎలాగూ కోత లేదు, ఆ సంగతి సొంత పెన్షను ఇచ్చేవాళ్లకి తెలియదు కాబట్టి అక్కడా కోత లేదు, రెండూ కలిపితే పన్ను పడింది. "తప్పులు వెతకమంటే నాకు బాకీ వెతికిపెట్టారు" అని నా మీద కోప్పడ్డారు. అరవై దాటినవాళ్లకి వ్యాపారం లేకపోతే అడ్వాన్స్ టాక్స్ అక్కర్లేదు, రిటర్నుతో పాటు కడితే చాలని చెప్పాక కాస్త శాంతించారు.

75 దాటితే పన్నే లేదని వాట్సాప్‌లో తిప్పుతున్నది దయచేసి ఆపండి. పెన్షను, అదే బ్యాంకులో వడ్డీ తప్ప వేరే ఆదాయం లేనివాళ్లు బ్యాంకుకి డిక్లరేషన్ ఇస్తే రిటర్ను వేయక్కర్లేదు, అంతే. పన్ను ఉంటే బ్యాంకే కోసుకుంటుంది. రిఫండు వచ్చింది నొక్కండి అనే లింకులూ నొక్కకండి, మనలో ఒకరు నొక్కారు, ఎవరో చెప్పను.

కృతజ్ఞతలు. పేర్లు రాస్తే ఒకరిని మర్చిపోయినా ఏడాదంతా పలకరింపులుండవు, అందుకని పనులే రాస్తున్నాను. ఫీజు తీసుకోకుండా రోజంతా కూర్చున్న కుర్ర ఆడిటరు గారికి, ల్యాప్‌టాప్‌లు తెచ్చిన నలుగురు కామర్స్ విద్యార్థులకి, వరండా ఇచ్చిన స్కూలు వారికి, సగం ధరకే జిరాక్సులు తీసిన షాపతనికి, ఇడ్లీలు పంపిన ఉపాధ్యక్షురాలి గారికి, కళ్లజోడు మరిచిపోయి కూడా 26ఏఎస్ చదివిన కోశాధికారి గారికి.

అడగాల్సిన మాట కూడా అడుగుతాను. పోయిన సమావేశంలో సాయం చేస్తామని పదకొండు మంది చేతులెత్తారు. శిబిరానికి వచ్చింది ముగ్గురు. ఒకరికి మోకాలి నొప్పి, ఒకరికి మనవడి పుట్టినరోజు, కాదనను. కానీ సాయంత్రం శాలువాల టైముకి ఆ మోకాలు మెట్లెక్కి స్టేజీ మీదకొచ్చింది. ముఖ్య అతిథిగా వస్తామన్న అధికారి గారి కోసం పన్నెండింటి దాకా కుర్చీ ఖాళీగా ఉంచాం, ఆ తర్వాత దాంట్లో ప్రింటరు పెట్టాం, అది పనికొచ్చింది.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు, ఆడిట్ అయింది, కాపీలు గేటు దగ్గరున్నాయి. జిరాక్సుల ఖర్చు ఎక్కువైందని ఎవరైనా అంటే పైన రాసింది మళ్లీ చదవండి. చందా బాకీలున్నవాళ్ల జాబితా కూడా అక్కడే ఉంది.

2024-25 రిటర్నుల గడువు 2025 సెప్టెంబరు 15 దాకా పొడిగించారు. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను విధానంలో రిబేటు 12 లక్షల ఆదాయం దాకా పెరిగింది, పెన్షనర్లకి స్టాండర్డ్ డిడక్షన్ కలిపితే 12,75,000. కాబట్టి మనలో చాలామందికి ఇక కోతే ఉండకూడదు. ఏప్రిల్ నుంచి పెన్షనులో టీడీఎస్ పోయి ఉంటే, పాస్‌బుక్ పట్టుకుని శనివారం పదింటికి సంఘం గదికి రండి. తాళం నా దగ్గరుంది. వాలంటీర్లుగా పేర్లిచ్చేవాళ్లు ఈసారి చెయ్యెత్తకుండా రిజిస్టరులో సంతకం పెట్టండి.

ఇట్లు
కార్యదర్శి