ఆ జీపు ఎవరిదో ఆదివారం తేల్చేద్దాం

బరంపురం తెలుగు మిత్రులందరికీ నమస్కారం 🙏

మ్యూజియంలో చెట్టు కింద ఉన్న పాత మిలటరీ జీపు విల్లీస్ కంపెనీదా, ఫోర్డ్ కంపెనీదా అని రెండు వారాలుగా ఇక్కడ కొట్టుకుంటున్నాం. ఇక చాలు. ఆదివారం పొద్దున్న 8కల్లా గేటు దగ్గరికి వచ్చేయండి. దగ్గర నుంచి చూడ్డానికి అనుమతి దొరికింది.

మొదట గ్రిల్ (బండి ముందు వైపు జాలీ) చీలికలు లెక్కపెడదాం. 9 ఉంటే 1941-45 నాటి యుద్ధం బండి. 7 ఉంటే తర్వాతిది, మహీంద్రా వాళ్లు మన దేశంలో బిగించినదైనా కావచ్చు.

9 ఉందనుకోండి, అసలు పని అప్పుడే. కింద పడుకుని రేడియేటర్ కింది అడ్డ కమ్మీ చూడాలి. గుండ్రటి గొట్టమైతే విల్లీస్ వాళ్ల ‘ఎంబీ’ మోడల్, తిరగేసిన ‘యు’ ఆకారమైతే ఫోర్డ్ వాళ్ల ‘జీపీడబ్ల్యూ’ మోడల్. బోల్టుల తలమీద ‘ఎఫ్’ కనిపించగానే ఫోర్డే అని గంతులెయ్యకండి, 80 ఏళ్లలో ఎన్ని మారాయో! బానెట్ మీది నంబరైతే అసలు నమ్మొద్దు, పెయింట్ ఎవరైనా వేస్తారు.

టార్చి, పాత దుప్పటి తెచ్చుకోండి. పెయింట్ గీకొద్దు, బాబూ!

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడ మీ పేరు రాయండి, టిఫిన్ చెప్పాలి. ఒడియా బాగా వచ్చినవాళ్లు ఒకరైనా తప్పక రండి, వాచ్‌మన్ తాతకి ఆ బండి ఎలా వచ్చిందో తెలుసట.